ఊడిపోవు పళ్ళకు ఉపచారమేల?

మానవదేహమునందలి కఠినధాతువులలో పాతది రాలి క్రొత్తది దాని చోట మొలచుట దంతముల విషయమున మాత్రమే కానవచ్చును. ఎముక విరిగిన నతుకుకొనును గాని మరియొకటి మొలవదు. ప్రకృతి ప్రసాదించిన యీ సౌకర్యమే పాలదంతముల పాలిట అపకారమై పరిణమించినది. శిశువు నోట ఆరవ నెలకు పిమ్మట తలచూపి, పండ్రెండవ యేడు నిండునప్పటికి రాలిపోవు ఆ పళ్ళు పుచ్చినవని యెవరైన చెప్పినచో, మన యిండ్లలో పెద్దలు పలుకు మాట యొక్కటే: “ఊడిపోయేవే కదా, వాటికెందుకు వైద్యం?” ఈ మాటలో తర్కము లేకపోలేదు, కాని పాలదంతము తానున్నంత కాలము చేయు పని యెట్టిదో, కాలము తీరకమున్నే పోయినచో తన వెంట కొనిపోవునది యేమో ఆ తర్కము విచారింపదు. ఆ విచారణయే యీ అధ్యాయమునకు విషయము.

దంతముల చరిత్ర శిశుజననముతో నారంభమగునని తలచుట సరికాదు. తల్లిగర్భమున ఆరవ వారమునందే దంతాంకురములకు మూలమగు కణపంక్తి యేర్పడును. నాలుగవ నెలలో పాలదంతముల కొనలపై సున్నపు లవణములు పేరుకొన నారంభించును. ప్రసవసమయమునకు ఇరువది పాలదంతములును చిగుళ్ళ మాటున వేర్వేరు దశలలో నుండుటయే గాక, శాశ్వతదంతములలో మొదటిదగు పెద్ద దవడపన్ను సైతము గట్టిపడ మొదలిడియుండును. పంటిపై తెల్లగా మెరయు పింగాణిపొర, అనగా ఎనామెలు, బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. శరీరమున దానికంటె కఠినమైన పదార్థము మరియొకటి లేదు. అయినను దానిని నిర్మించిన కణములు పన్ను నోటిలోనికి వచ్చునప్పటికే నశించిపోవుటచే, చర్మమునకు తగిలిన గాయము మానినట్లు ఆ పొరకు పడిన రంధ్రము ఏనాటికిని తనంత పూడదు. పాలదంతములపై ఈ పొర మందము శాశ్వతదంతములపై నుండు పొరలో ఇంచుమించు సగమే. నరమును రక్తనాళములును ఉండు లోపలి గది పైపొరకు మిక్కిలి చేరువ. పెద్దవారి పంటిలో ఏండ్ల తరబడి సాగు పుచ్చు, పసివాని పంటిలో నెలలలోనే నరమును తాకుటకు కారణమిదియే.

సాధారణముగ 6 మొదలు 10 నెలల నడుమ క్రింది దవడ ముందుపళ్ళు రెండు మొదట మొలచును. రెండున్నర, మూడేండ్లు వచ్చుసరికి ఇరువదియు పూర్తియగును. ఈ క్రమము తప్పి పైపన్ను ముందుగ వచ్చినచో మేనమామకు గండమని భయపడువారు నేటికిని గలరు. అది శిశువులలో సహజముగ గానవచ్చు క్రమభేదమే గాని, మేనమామ యాయుర్దాయముతో దానికి బొత్తిగ సంబంధము లేదు. ఇది నిరపాయమైన నమ్మకము. అపాయకరమైనది వేరొకటి కలదు. పళ్ళు వచ్చునప్పుడు జ్వరము, విరేచనములు సహజమని యెంచి వైద్యుని కడకు బోక కాలయాపన చేయుట అట్టిది. దంతోద్భవమువలన చొంగ కారుట, చిగురు దురద, కొంత చికాకు, ఒకింత వెచ్చదనము కలుగవచ్చును. తీవ్రజ్వరముగాని, నీళ్ళవలె పారు విరేచనములుగాని కలుగవు. తల్లివలన సంక్రమించిన రోగనిరోధకశక్తి క్షీణించుటయు, శిశువు ప్రాకుచు చేజిక్కిన ప్రతి వస్తువును నోట బెట్టుకొనుటయు సరిగా ఆ నెలలలోనే జరుగుటచే అంటువ్యాధులు హెచ్చును. నేరము మాత్రము అప్పుడే తలచూపిన పంటిపై పడును. అట్టి శిశువునకు వలయునది చిగురుపై తేనె రాచుట కాదు, వెంటనే లవణశర్కరజలము, వైద్యుని పరీక్ష. ఏడాది నిండని శిశువునకు తేనె అసలే కూడదు. అందుండదగు ఒకానొక సూక్ష్మజీవి బీజము పసిప్రేగులలో మొలకెత్తి, నరములను స్తంభింపజేయు విషమును పుట్టింపగలదు.

శిశువైద్యమునకై వెలసిన ప్రాచీనగ్రంథమగు కాశ్యపసంహితలో దంతజననమునకే ఒక యధ్యాయము కలదు. మనుష్యులకు ముప్పదిరెండు దంతములనియు, వానిలో ఎనిమిది ఒక్కమారే పుట్టుననియు, తక్కినవి రెండుమారులు పుట్టుననియు అందు చెప్పబడినది. ఆధునికుల లెక్కలో ఒక్కమారే పుట్టునవి పండ్రెండు. సంఖ్యలో భేదమున్నను, పాలపన్ను రాలకయే వచ్చు పళ్ళు కొన్ని కలవని ఆ పూర్వులు గుర్తించిన విషయమును నేటి తలిదండ్రులలో పెక్కురు ఎరుగరు. ఆరవ యేట, పాలదంతముల వరుస ముగిసిన చోటికి వెనుకగా, ఒక్క పన్నైనను ఊడకుండ, ఏ హడావుడియు లేక మొలచు పెద్ద దవడపన్ను శాశ్వతదంతము. అది కూడ పాలపన్నే యనుకొని, పుచ్చినను ఊడిపోవునని యుపేక్షించి, తొమ్మిది పదియేండ్లకే పోగొట్టుకొనువారు కోకొల్లలు.

ఇక పాలదంతములు చేయు పని. నమలుట, పలుకుట అందరకు తెలిసినవే. తెలియనిది మరియొకటి కలదు. ప్రతి పాలదంతమును తన క్రింద పెరుగుచున్న శాశ్వతదంతమునకు చోటు కాపాడుచుండును. ముందుపళ్ళు ఆరేడేండ్లకు ఊడినను, పాల దవడపళ్ళు పది పండ్రెండేండ్ల దాక నిలువవలసినవి. అవి అయిదారేండ్లకే పుచ్చి పెరికివేయబడినచో, వెనుకనుండి వచ్చు ఆరేండ్ల దవడపన్ను ఖాళీలోనికి ముందునకు జరుగును; పిమ్మట రావలసిన పళ్ళు చోటు చాలక వంకరగనో, వరుస తప్పియో వెలువడును. పెరుకక చీము పట్టనిచ్చినచో ఆ చీము క్రిందనున్న శాశ్వతదంతాంకురమును తాకి, దాని పింగాణిపొరపై జీవితాంతము చెరగని మచ్చలను, గుంటలను కలిగింపవచ్చును. వీనికి తోడు రాత్రులందు నిద్ర లేకుండుట, ఒకవైపే నమలుట, అన్నమనిన ముఖము త్రిప్పుకొనుట, తత్ఫలితముగ బరువు పెరుగకుండుట. పసివాడు “పన్ను నొప్పి” యని చెప్పలేడు. అన్నము వలదని మాత్రము చెప్పును.

పన్ను పుచ్చుట యెట్లు జరుగును? పంటిలో పురుగు చేరి తొలుచునని బాబిలోనియనుల కాలమునుండి లోకమంతట విశ్వసింపబడినది. నేలములక గింజల పొగ పట్టి పురుగులను రాల్చుదుమని చెప్పువారు మన పల్లెలలోను ఉండెడివారు. 1728లో పారిసునందు దంతవైద్యముపై బృహద్గ్రంథమును ప్రకటించిన పియర్ ఫౌషార్డు, తాను సూక్ష్మదర్శనితో వెదకియు అట్టి పురుగును గానలేదని వ్రాసెను. మరి నిజమైన కారణమేది యను ప్రశ్నకు సమాధానము 19వ శతాబ్ది చివర బెర్లిను నగరమున లభించినది. సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడగు కాక్ మహాశయుని ప్రయోగశాలలో పనిచేసిన అమెరికా దంతవైద్యుడు విల్లోబీ మిల్లరు, ఊడదీసిన పళ్ళను రొట్టె కలిపిన లాలాజలములో వెచ్చగ నుంచగా అవి మెత్తబడెను. లాలాజలమును ముందుగ మరిగించినచో చెక్కుచెదరకుండెను. కరిగించునది రొట్టె గాదు, లాలాజలము గాదు. మరిగించిన చచ్చునట్టి సూక్ష్మజీవి యేదో పిండిపదార్థమును ఆమ్లముగ మార్చుచున్నదని ఆయన 1890 నాటి గ్రంథమున నిరూపించెను. 1924లో కిలియన్ క్లార్కు లండనునందు పుచ్చుపళ్ళనుండి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్సు అను సూక్ష్మజీవిని వేరుపరచెను. 1954లో అమెరికాలో ఓర్లాండు మొదలగువారు, ఏ సూక్ష్మజీవియు లేకుండ పెంచిన ఎలుకలకు పంచదార మెండుగ బెట్టిరి. వాని పళ్ళు పుచ్చలేదు. కావున పంచదార యొక్కటియే యీ వ్యాధిని కలిగింపజాలదు. సూక్ష్మజీవులు, వానికి ఆహారము, పన్ను, కొంతకాలము, ఈ నాలుగును కలసిననే పుచ్చు పుట్టును.

ఆ సూక్ష్మజీవుల నివాసమునే మనము పాచి యందుము. ప్రొద్దున లేవగనే నాలుకకు జిగటగ తగులు ఆ పొరలో ఒక్క మిల్లిగ్రామున కోట్లకొలది జీవులుండును. తీపియో, మెత్తని పిండియో నోట బడిన కొన్ని నిమిషములలోనే అవి ఆమ్లమును స్రవింపజేయును. 1940 ప్రాంతమున స్టీఫను అను శాస్త్రజ్ఞుడు పాచిలోని ఆమ్లతను కొలిచి, చక్కెరనీరు పుక్కిలించిన వెంటనే అది తీవ్రమై, తిరిగి యథాస్థితికి వచ్చుటకు అరగంట మొదలు గంట పట్టునని చూపెను. పి.హెచ్. అను కొలమానమున అది 5.5కు దిగువకు పడినప్పుడు పింగాణిపొరనుండి సున్నపు లవణములు కరగి వెలికి పోవును. లాలాజలము ఆమ్లమును శాంతింపజేసిన పిదప అందలి సున్నము, భాస్వరము తిరిగి పొరలోనికి చేరును. ప్రతిదినము పంటిపై జరుగు ఈ వ్యవహారము జమాఖర్చు లెక్క వంటిది; ఖర్చులకు నడుమ జమకు వ్యవధి యుండినంత కాలము పన్ను చెడదు, గంట గంటకు ఖర్చు వ్రాయుచు పోయిననాడు దివాలా తప్పదు. దీనినుండి గ్రహింపవలసినదేమనగా, తీపి యెంత తినిరనునదానికంటె ఎన్నిమారులు తినిరనునది ముఖ్యము.

ఈ విషయమును స్వీడను దేశమున లుండు నగర సమీపమందలి విపెహోల్ము ఆశ్రమమున జరిగిన పరిశోధన నిర్ధారణ చేసెను. మనోవైకల్యము గల ఆశ్రమవాసులపై, వారి సమ్మతికి అవకాశమే లేని స్థితిలో జరిగినందున అది నేడు తీవ్రముగ గర్హింపబడుచున్నది. అట్టి ప్రయోగమును మరల నెవ్వరును చేయరాదు, చేయజాలరు. 1954లో ప్రకటితమైన దాని ఫలితము మాత్రము కాదనరానిది. భోజనముతోబాటు చక్కెర పుచ్చుకొన్నవారికి దంతక్షయము స్వల్పముగనే హెచ్చినది. భోజనముల నడుమ పంటికి అంటుకొను మిఠాయిలను పలుమారులు చప్పరించినవారికి విపరీతముగ హెచ్చినది. అవి మానిన పిదప తగ్గినది. తదనంతరము ఆ దేశమున పిల్లలకు మిఠాయిలు వారమున కొక్కమారు, శనివారమునాడు మాత్రమే యిచ్చు నలవాటు వ్యాపించెను. మన తీర్థములలో అమ్ము జీళ్ళు, వేరుసెనగ అచ్చులు, పాలలో ముంచిన బిస్కట్లు, జేబులో దాచి గంటకొకటి చొప్పున చప్పరించు చాక్లెట్లు ఈ జాతిలోనివే. పండుగనాడు భోజనముతోబాటు వడ్డించిన బూరె పంటికి చేయు కీడు అత్యల్పము. మధ్యాహ్నమంతయు దవడన నానుచున్న జీడి చేయు కీడు అనల్పము. పిల్లవానికి తీపి యసలు పెట్టవలదని శాసించు తల్లి యోడిపోవును. భోజనముతో పెట్టి, నడుమ మానిపించు తల్లి గెలుచును.

పగటికంటె రాత్రి మరింత అపాయకరము. నిద్రలో లాలాజలస్రావము మిక్కిలి తగ్గును. ఖర్చే గాని జమ లేని కాలమది. పాలసీసాను నోట బెట్టుకొని నిద్రించు శిశువు పైముందుపళ్ళ చుట్టును పాలు, అందలి పంచదార గంటలకొలది నిలిచియుండును. క్రింది ముందుపళ్ళను నాలుక కప్పి, లాలాజలము తడుపుచుండుటచే అవి తప్పించుకొనును. పైముందుపళ్ళు నాలుగును మొదట బలియగును. ఇందు తల్లిపాలను నిందింప బనిలేదు. రెండేండ్ల వరకును అవి శిశువునకు హితములే. పళ్ళు వచ్చిన పిదప రాత్రి కడపటి పాలు త్రాగించి, తడిగుడ్డతో పళ్ళు తుడిచి పరుండబెట్టుట, సీసా నిచ్చువారు అందులో పంచదార కలుపకుండుట, ఏడాది నిండునప్పటికి సీసా మానిపించి గిన్నెతోనో గ్లాసుతోనో త్రాగుట నేర్పుట చాలును. దగ్గు మొదలగువానికి రాత్రివేళ పోయు తియ్యని మందుల తరువాత సైతము నోరు శుభ్రపరుపవలెను.

పుచ్చు మొదట నల్లగ కనబడునని పెక్కురి భావన. నల్లబడునప్పటికి వ్యాధి చాల దూరము నడచియుండును. నెల కొకమారు శిశువు పైపెదవిని మెల్లగ నెత్తి చూచినచో, చిగురును ఆనుకొని పంటిపై సున్నపుగీత వలె కాంతిలేని తెల్లని చార కనిపింపవచ్చును. అదియే తొలిచిహ్నము. ఆ దశలో ఇంకను రంధ్రము పడలేదు. శుభ్రతవలనను, ఆహారనియమమువలనను, వైద్యుడు పూయు ఫ్లోరైడు పూతవలనను పోయిన ఖనిజమును మరల రాబట్టవచ్చును. పెదవి యెత్తి చూచుటకు క్షణకాలము చాలును; ఆ పరీక్ష తల్లి గాని, తండ్రి గాని, అవ్వ గాని చేయదగినదే.

దంతధావనము మనకు క్రొత్త విద్య కాదు. సుశ్రుతుని నాటినుండి పుల్లతో పళ్ళు తోముకొనుట దినచర్యలో చేర్చబడియున్నది. చక్కగ నమలి కుంచెవలె చేసిన వేపపుల్ల పెద్దవారి పాచిని తీయగలదు. పసివాని వెనుక దవడపళ్ళకు అది చేరదు. బొగ్గుపొడి, ఇటుకపొడి, కచ్చిక బూడిద మాత్రము పలుచని పింగాణిపొరను అరుగదీయును గనుక వర్జ్యములు. తొలిపన్ను కనబడిన దినమునుండియే మెత్తని చిన్న బ్రష్షుతో ప్రొద్దున నొకమారు, రాత్రి పరుండబోవు ముందొకమారు తోమవలెను. రెంటిలో రాత్రిదే ముఖ్యము. మన యిండ్లలో ప్రొద్దుటిదానికున్న గౌరవము దానికి లేదు. బిడ్డను ఒడిలో వెలకిల బరుండబెట్టుకొని, తల వెనుకనుండి తోమినచో నోరంతయు కానవచ్చును. తన బొత్తాములు తాను పెట్టుకొని, తన పేరు తాను వ్రాసికొనగలిగినంత మాత్రమున పిల్లవాడు దవడపళ్ళు శుభ్రముగ తోముకొనగలడని యనుకొనరాదు. ఏడెనిమిదేండ్ల వరకు పెద్దల చేయి తోడు కావలసినదే.

టూత్‌పేస్టులోని ఫ్లోరైడు కథ తెలుగువారు ప్రత్యేకముగ తెలిసికొనదగినది. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సు పట్టణమునకు వచ్చిన ఫ్రెడరిక్ మెకే యను దంతవైద్యుడు, అచ్చటి ప్రజల పళ్ళపై గోధుమవన్నె మచ్చలను జూచి ఆశ్చర్యపడి, ఆ పళ్ళు తక్కువగ పుచ్చుచున్నవని తరువాత గుర్తించెను. మూడు దశాబ్దముల వెదకులాట పిమ్మట, 1931లో చర్చిలు అను రసాయనజ్ఞుడు నీటిలోని ఫ్లోరైడే కారణమని కనుగొనెను. పది లక్షల పాళ్ళ నీటికి ఒక పాలు ఫ్లోరైడున్నచో మచ్చలు పడకయే దంతరక్షణ కలుగునని డీను అను వైద్యుడు లెక్కకట్టగా, 1945 జనవరిలో గ్రాండ్ ర్యాపిడ్సు నగరమున త్రాగునీటిలో దానిని ఆ పరిమాణమున కలుప నారంభించిరి. ఆ పిమ్మట పుట్టిన పిల్లలలో దంతక్షయము నూటికి 60 పాళ్ళకు పైగా తగ్గినది. అచట లేమి, ఇచట ఆధిక్యము. 1937లో షార్టు మొదలగు వైద్యపరిశోధకులు నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములలో పళ్ళు మచ్చలువడి, వెన్నెముక బిగుసుకొనిపోయిన ప్రజలను పరీక్షించి, బావినీటిలోని ఫ్లోరైడే హేతువని ప్రకటించిరి. నల్లగొండ జిల్లా పడిన బాధ జగద్విదితము. పటికతోను సున్నముతోను నీటినుండి ఫ్లోరైడును తొలగించు పద్ధతికి ఆ జిల్లా పేరే నిలిచినది. ఫ్లోరైడు హెచ్చుగ నున్న నీరు పింగాణిపొర రూపొందు తొలి యెనిమిదేండ్లలో త్రాగిననే పళ్ళపై మచ్చలు పడును. కావున అట్టి గ్రామములలో ముందుగ రక్షింపవలసినది పిల్లల త్రాగునీటినే.

ఔషధమునకును విషమునకును భేదము మోతాదులో నున్నదనుటకు ఇంతకంటె నిదర్శనమక్కరలేదు. పేస్టులోని ఫ్లోరైడు మ్రింగుటకు గాదు, పంటిని తాకుటకు. మూడేండ్ల లోపు పిల్లలకు బ్రష్షుపై బియ్యపుగింజంత, మూడు మొదలు ఆరేండ్ల వారికి బఠాణీగింజంత పేస్టు చాలును; ప్రకటనలలో చూపునట్లు బ్రష్షు పొడవున పరచుట అనవసరము, పసివారి విషయమున హానికరము. తోమిన పిదప ఉమ్మివేయించవలెను గాని, పెక్కుమారులు నీటితో పుక్కిలింపజేసినచో పంటిపై నిలువవలసిన ఫ్లోరైడు కొట్టుకొనిపోవును.

దంతవైద్యుని దర్శనము నొప్పి పుట్టిననాడు గాక, తొలి పుట్టినరోజు నాటికే జరుగుట మేలు. నొప్పి లేనినాడు చూచిన వైద్యుని యెడ పిల్లవానికి భయము కలుగదు. పుచ్చిన పాలపన్నును పూడ్చవచ్చును, అవసరమైన తొడుగు వేయవచ్చును. పెరుకక తప్పనిచో చోటు మూసికొనిపోకుండ చిన్న తీగ సాధనమునైనను అమర్చవచ్చును. కాని అన్నిటికంటె చవుకైనదియు, నొప్పిలేనిదియు నగు ఉపాయము ఆరేండ్ల దవడపన్ను విషయమున గలదు. దాని నమలు తలమున లోతైన గాడులుండును. బ్రష్షు పోచ వానిలోనికి పోదు, పాచి మాత్రము పోవును. పన్ను పూర్తిగ వెలువడిన కొలది నెలలలో ఆ గాడులను పలుచని రెసిను పూతతో మూసివేసినచో, పుచ్చు మొదలగుటకు అత్యనుకూలమగు స్థలమే లేకుండపోవును.

మన రాష్ట్రములలో పిల్లలను ఒకటవ తరగతిలో చేర్చు వయస్సును, ఈ పన్ను మొలచు వయస్సును ఇంచుమించు ఒక్కటే. ఎత్తు, బరువు, కంటిచూపు పరీక్షించునట్లే, ఆ యేడు ప్రతి బడిలోను ప్రతి పిల్లవానిచే నోరు తెరపించి, వెనుక వరుసలో నాలుగు వైపుల ఈ పన్ను వచ్చినదో లేదో చూచి, వచ్చినదని తలిదండ్రులకు ఒక చీటి వ్రాసి పంపుట ఏ పంతులమ్మకును అసాధ్యము కాదు. ఆ చీటిలో ఒక్క వాక్యము చాలును: ఇది ఊడిపోవు పన్ను కాదు.